ఒమాహాలో ఒక సాయంకాలం: సినిమా హాలా, నాటకశాలా, పార్కు పచ్చికా?

నెబ్రాస్కా రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద ఊరైన ఒమాహాకు ఉద్యోగం మీదో చదువు కోసమో వచ్చిన తెలుగువారు మొదటి రెండు మూడు నెలల్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "శని ఆదివారాల్లో ఇక్కడ ఏం చేస్తారండీ?" 2020 జనాభా లెక్కల ప్రకారం నగర పరిమితిలో 4,86,051 మంది ఉన్న ఈ మధ్యతరహా ఊళ్ళో వినోదానికి కొదవ లేదు. ఏది ఎవరికి తగినదో విడమరచి చెప్పేవారే తక్కువ. అందుచేత కొత్తగా వచ్చినవారు పశ్చిమ ఒమాహాలోని ఒకటి రెండు మల్టీప్లెక్సులకు అలవాటు పడి, ఊరి తూర్పు సగంలో ఉన్న మంచి చోట్లను చూడకుండానే మరో ఊరికి బదిలీ అయిపోతుంటారు. అలా కాకూడదన్న తపనతో, నేను ఇన్నేళ్ళుగా కుటుంబంతోనూ స్నేహితులతోనూ తిరిగి చూసిన చోట్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఊరి అమరిక తెలుసుకుంటే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. ఒమాహాను ఉత్తర దక్షిణాలుగా విడదీస్తూ తూర్పు నుంచి పడమటికి సాగే డాడ్జ్ వీధి ఈ ఊరికి వెన్నెముక. దానికి అడ్డంగా వచ్చే వీధుల అంకెలు మిస్సోరీ నది దగ్గర చిన్నవిగా మొదలై పడమటికి వెళ్ళేకొద్దీ పెరుగుతాయి. కాబట్టి ఒక చోటు ఎన్నో వీధిలో ఉందో చెబితే అది మీ ఇంటికి ఎంత దూరమో చెప్పినట్టే. ఆర్ఫియమ్ నాటకశాల 16వ వీధి దగ్గర, డండీ సినిమా హాలు 50వ వీధి దగ్గర, కమ్యూనిటీ ప్లేహౌస్ 69వ వీధిలో, వెస్ట్‌రోడ్స్ మాల్ 100వ వీధి దగ్గర, విలేజ్ పాయింట్ 168వ వీధి దగ్గర ఉన్నాయి. అన్నీ డాడ్జ్ మీదో, దానికి కూతవేటు దూరంలోనో ఉన్నవే. ఈ రచనలో నేను చెప్పే చాలా చోట్లకు ఆ ఒక్క వీధి పట్టుకుని వెళ్ళవచ్చు.

ఏ కొలతలతో చూడాలి

చాలామంది టికెట్ ధర ఒక్కటే చూసి నిర్ణయించుకుంటారు. నా అనుభవంలో టికెట్ ధర నాలుగో స్థానంలో వచ్చే విషయం.

అన్నిటికంటే ముందు చూడవలసింది, మీతో వచ్చేవారు కదలకుండా ఎంతసేపు కూర్చోగలరన్నది. ఇక్కడి సినిమా హాళ్ళలో విశ్రాంతి ఉండదు. మన సినిమాల్లో తెర మీద "ఇంటర్వెల్" అని పడిన మరుక్షణమే రెండో సగం మొదలవుతుంది. దీపాలు వెలగవు, జనం లేవరు. పెద్ద మల్టీప్లెక్సులలో అసలు సినిమాకు ముందు ప్రకటనలూ ట్రైలర్లూ ఇరవై నిమిషాలకు పైగా నడుస్తాయి. రెండున్నర గంటల తెలుగు సినిమాకు వెళ్తే దాదాపు మూడు గంటలు ఒకే కుర్చీలో గడపాలన్నమాట. నాలుగేళ్ళ పిల్లవాడికీ, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకూ ఇది చిన్న విషయం కాదు.

రెండోది భాష. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులలో చాలామంది ఇంగ్లీషు చక్కగా చదవగలరు కానీ, అమెరికన్ ఉచ్చారణను సినిమా వేగంలో పట్టుకోలేరు. ఈ తేడాను గుర్తిస్తే ఎంపిక మారిపోతుంది. ఇంగ్లీషు ఉపశీర్షికలున్న ఫ్రెంచి చిత్రమో జపనీస్ చిత్రమో వారికి హాలీవుడ్ చిత్రం కంటే బాగా అర్థం కావచ్చు. ఇక డిజిటల్ సినిమా హాళ్ళు సంభాషణలను అక్షరాల్లో చూపే పరికరాలను ప్రేక్షకులకు ఇవ్వాలని అమెరికా న్యాయశాఖ 2016లో నిబంధన చేసింది. వినికిడి సమస్య ఉన్నవారి కోసం చేసిన ఏర్పాటే అయినా, అడిగితే కౌంటరులో ఇస్తారు. మన పెద్దవారిలో వినికిడి తగ్గినవారు ఎందరో ఉన్నా, ఈ సదుపాయం ఉందని తెలిసినవారిని మన వాళ్ళలో నేను చాలా తక్కువగా చూశాను.

మూడోది కాలమూ ప్రయాణమూ. జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత తరచుగా సున్నా సెల్సియస్‌కు బాగా కిందికి పోతుంది. కారు నిలిపిన చోటి నుంచి తలుపు దాకా నడిచే దూరం కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది. మల్టీప్లెక్సులలో పార్కింగ్ ఉచితం. డౌన్‌టౌన్‌లో చాలాచోట్ల డబ్బు కట్టాలి, కొంత దూరం నడవాలి.

ఆ తర్వాతే డబ్బు. అది కూడా టికెట్‌తో ఆగేది కాదు. ఆన్‌లైన్‌లో కొంటే పడే కన్వీనియన్స్ ఫీజు, పాప్‌కార్న్, పార్కింగ్ అన్నీ కలిపి చూసుకోవాలి. సినిమా విడుదలైన తొలి వారాల్లో టికెట్ డబ్బులో పెద్ద వాటా పంపిణీదారులకే పోతుంది కనుక, హాళ్ళవారు తిండి పదార్థాల మీద ఆధారపడతారు. అక్కడి ధరలు అందుకే అలా ఉంటాయి. బయటి తినుబండారాలు లోపలికి తీసుకుపోనివ్వరు. ఇంటి దగ్గర కడుపు నిండా తిని వెళ్ళడం ఒక్కటే మార్గం.

మల్టీప్లెక్సులు: తెలుగు సినిమాకు వేరే దారి లేదు

ఒమాహా మల్టీప్లెక్సులలో రెండు పెద్ద గొలుసు సంస్థలవి ముఖ్యమైనవి. మిల్వాకీ కేంద్రంగా ఉన్న మార్కస్ సంస్థ 2008లో స్థానిక డగ్లస్ థియేటర్లను కొని ఈ ఊళ్ళో అడుగుపెట్టింది. మేపుల్ రోడ్డు మీద 144వ వీధి దగ్గరున్న మెజెస్టిక్, 168వ వీధి దగ్గరున్న విలేజ్ పాయింట్ హాళ్ళు దానివే. ఏఎంసీ సంస్థకు వెస్ట్‌రోడ్స్ మాల్‌లో 14 తెరలు, సెంటర్ వీధి వైపు ఓక్‌వ్యూలో 24 తెరలు ఉన్నాయి. ఇవి కాక 67వ వీధిలో, ఒమాహా విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి దగ్గరగా, ఆక్సార్బెన్ సినిమా ఉంది. నెబ్రాస్కా పేరును వెనక నుంచి చదివితే వచ్చే పేరు అది.

తెరల నాణ్యతలోనూ కుర్చీల సౌకర్యంలోనూ ఈ రెండు సంస్థల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మార్కస్‌వారు తమ పెద్ద తెరను అల్ట్రాస్క్రీన్ అంటారు, ఏఎంసీవారికి ఐమాక్స్, డాల్బీ ఉన్నాయి. యుద్ధ సన్నివేశాలతో గ్రాఫిక్స్‌తో నిండిన చిత్రమైతే ఆ అదనపు డబ్బు పెట్టవచ్చు. కుటుంబ కథకు అవసరం లేదు. డబ్బు విషయంలో మాత్రం ఒక తేడా ఉంది. నెలకు రెండు సినిమాలైనా చూసేవారికి ఏఎంసీ నెలవారీ సభ్యత్వం లాభం. ఎప్పుడో ఒకసారి వెళ్ళేవారికి మార్కస్‌వారి మంగళవారపు తగ్గింపు చాలు.

తెలుగు సినిమా విషయం వేరు. దాన్ని కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బూ ఓపికా ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్నన్ని ఆటలు ఈ ఊళ్ళో ఉండవు. పెద్ద తారల సినిమాకు ముందురోజు రాత్రి ప్రీమియర్, ఆ వారాంతంలో కొన్ని ఆటలు, ఆ తర్వాత జనాన్ని బట్టి. ఇక్కడి హాళ్ళు వచ్చే శుక్రవారం నుంచి ఏ సినిమాను ఏ తెర మీద ఆడించాలో ఆ వారం మొదట్లోనే, అంటే సోమ మంగళవారాల్లో, నిర్ణయించుకుంటాయి. మొదటి వారాంతంలో కుర్చీలు ఖాళీగా కనబడితే రెండో వారానికి ఆ సినిమా ఉండదు, ఉన్నా మధ్యాహ్నం మూడింటికి ఒక్క ఆట మిగులుతుంది. "రద్దీ తగ్గాక రెండో వారం చూద్దాంలే" అనే మన ఊరి లెక్క ఇక్కడ పనికిరాదు. అటు ప్రీమియర్ టికెట్ మామూలు టికెట్ కంటే బాగా ఎక్కువ. కాబట్టి కుటుంబంతో వెళ్ళేవారికి నేను చెప్పేది ఒకటే: ప్రీమియర్ వదిలేయండి, మొదటి శనివారం పగటి ఆట ముందుగానే కొనుక్కోండి. ఈలలు, కాగితాలు ఎగరేయడం, తోటి తెలుగువారి సందడి కావాలనుకునే కుర్రవాళ్ళకు మాత్రం ప్రీమియర్‌కు సాటివచ్చేది మరొకటి లేదు. ఊరికి దూరంగా ఉన్న మనసుకు ఆ రెండున్నర గంటలు ఎంత ఊరటో నాకు తెలుసు, అందుకు పెట్టే డబ్బును నేను వృథా అనను.

ఇంకో జాగ్రత్త. "కంటెంట్ రాలేదు" అనే మాట అమెరికాలోని తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. సినిమా ఫైళ్ళు చివరి నిమిషం దాకా రాకపోవడం వల్ల ప్రీమియర్ ఆలస్యం కావడమో రద్దు కావడమో అప్పుడప్పుడు జరుగుతుంది. ఒక చలికాలపు రాత్రి మేమూ మరో రెండు కుటుంబాలూ మంచులో నలభై నిమిషాలు ప్రయాణించి ఒక హాలుకు చేరాక ఆట రద్దయిందన్నారు. టికెట్ డబ్బు తిరిగి వచ్చింది కానీ ఆన్‌లైన్ ఫీజు రాలేదు, నిద్రమత్తులో ఉన్న పిల్లలను మళ్ళీ ఆ మంచులోనే వెనక్కి తీసుకువచ్చాం. అప్పటి నుంచి, బయలుదేరే ముందు హాలుకు ఒక ఫోను చేయనిదే ఇల్లు కదలడం లేదు.

పిల్లలున్న ఇళ్ళకు మరో రెండు మాటలు. హాలీవుడ్ చిత్రానికి ఆర్ అనే వర్గీకరణ ఉంటే 17 ఏళ్ళలోపువారిని తల్లిదండ్రులో సంరక్షకులో వెంట లేనిదే రానివ్వరు. మన సినిమాల్లో చాలావాటికి ఇక్కడి వర్గీకరణే ఉండదు, కాబట్టి హింస ఎంత ఉందో ముందుగా తెలుసుకోవలసిన బాధ్యత మనదే. ఆటిజం ఉన్న పిల్లల కోసం ఏఎంసీ కొన్ని ఆటలను దీపాలు పూర్తిగా ఆర్పకుండా, ధ్వని తగ్గించి వేస్తుంది. ఆ ఆటల్లో పిల్లలు లేచి తిరిగినా, కేకలు పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అలాంటి పిల్లలను సినిమాకు తీసుకెళ్ళడానికి వెనుకాడే తల్లిదండ్రులు ముందు దీన్ని ప్రయత్నించాలి.

డండీ: ఒక్క తెర ఎందుకు ముఖ్యం

డాడ్జ్ వీధి మీద 50వ వీధికి కొద్దిగా ఇవతల ఉన్న డండీ సినిమా హాలు 1925లో తెరుచుకుంది. 1960లలో ఒక సంగీత చిత్రం ఇక్కడ వరుసగా 118 వారాలు ఆడింది. వంద రోజుల పోస్టర్లనూ రజతోత్సవ షీల్డులనూ చూస్తూ పెరిగిన మనకు ఆ లెక్క విలువ విడిగా చెప్పనక్కరలేదు. అలాంటి హాలు 2013లో మరమ్మతులకని మూతపడి నాలుగేళ్ళకు పైగా చీకట్లో ఉండిపోయింది. 2016లో షెర్వుడ్ ఫౌండేషన్ దాన్ని కొని, అప్పటికే 2007 నుంచి ఈ ఊళ్ళో మంచి చిత్రాలు ప్రదర్శిస్తున్న ఫిల్మ్ స్ట్రీమ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో పెట్టింది. 2017 డిసెంబరులో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. మన పట్టణాల్లో ఒక్క తెర హాళ్ళు గోదాములుగానో కల్యాణ మండపాలుగానో మారిపోవడం చూసినవారికి, ఒక ఊరు పూనుకొని పాత హాలును బతికించుకోవడం ఎంత గొప్ప సంగతో అర్థమవుతుంది.

ఇప్పుడక్కడ సుమారు 300 కుర్చీల పెద్ద హాలు, 25 కుర్చీల చిన్న గది ఉన్నాయి. ఇతర దేశాల చిత్రాలు, డాక్యుమెంటరీలు, పెద్ద సంస్థల తోడ్పాటు లేని అమెరికన్ చిత్రాలు, పాత ఆణిముత్యాలు ఇక్కడ ఆడతాయి. మల్టీప్లెక్సుతో పోలిస్తే ఇక్కడ పోగొట్టుకునేవి స్పష్టంగా ఉన్నాయి: పడుకునేంత వాలే కుర్చీలు, భూమి అదిరే ధ్వని, నచ్చకపోతే పక్క తెరకు మారే వీలు. తెలుగు సినిమా కోసం ఇక్కడికి వస్తే నిరాశే. దక్కేవి కూడా అంతే స్పష్టం. ప్రకటనల బాధ తక్కువ, చాలా చిత్రాలు రెండు గంటల్లోపు ముగుస్తాయి, ఉపశీర్షికలున్న చిత్రాలు తరచుగా దొరుకుతాయి. చుట్టూ కూర్చున్నవారు ఫోను తీయరు. ఆట అయ్యాక బయటికి వస్తే పార్కింగ్ మైదానం బదులు డండీ పేట కనిపిస్తుంది, అండర్‌వుడ్ వీధి దాకా నడిచి టీయో కాఫీయో తాగుతూ చూసిన సినిమా గురించి మాట్లాడుకోవచ్చు.

మా మామగారు మండల పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవారు. వచ్చిన కొత్తలో ఒక మల్టీప్లెక్సుకు తీసుకెళ్తే, అరగంట గడిచేసరికి "ఏమంటున్నారు నాన్నా?" అని నా చెవిలో అడుగుతూ కూర్చున్నారు. తర్వాతి నెలలో డండీలో ఉపశీర్షికలున్న ఒక ఇరాన్ చిత్రానికి తీసుకెళ్ళాను. హాలు బయటికి వచ్చాక కథలోని తండ్రి చేసింది న్యాయమా కాదా అని ఇంటికి చేరేదాకా ఆయనే మాట్లాడారు. భాష గురించి మొదట రాసిన మాట ఆ సాయంత్రం నేర్చుకున్నదే.

కారు లేని విద్యార్థికి కూడా డండీ అందుబాటులోనే ఉంది. 2020 నవంబరులో మొదలైన ఆర్బ్ట్ అనే వేగవంతమైన బస్సు డౌన్‌టౌన్ నుంచి డాడ్జ్ మీదుగా, వైద్య విశ్వవిద్యాలయాన్నీ ఒమాహా విశ్వవిద్యాలయాన్నీ తాకుతూ, వెస్ట్‌రోడ్స్ దాకా నడుస్తుంది. అంటే ఒకే బస్సు మిమ్మల్ని ఒక కొస ఏఎంసీకీ, నడుమ డండీకీ చేరుస్తుంది. రాత్రి ఆటకు వెళ్ళే ముందు ఆఖరి బస్సు వేళ మాత్రం చూసుకోవాలి.

నాటకశాలలు: మూడు, మూడు రకాలు

1924లో మొదలైన ఒమాహా కమ్యూనిటీ ప్లేహౌస్‌లో వేదిక మీద కనిపించేవారిలో ఎక్కువమంది ఈ ఊరివారే. పగలు బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పనిచేసి రాత్రి రిహార్సల్‌కు వచ్చేవారు. హాలీవుడ్ నటుడు హెన్రీ ఫోండా నటనలో ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. మరో హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో తల్లి డొరొతీ బ్రాండో దీని తొలినాటి నిర్వాహకులలో ఒకరు. 1975 మే నెల సుడిగాలి ఈ భవనాన్ని దెబ్బతీస్తే మళ్ళీ కట్టుకొన్నారు. నాటక పరిషత్తుల పోటీలు తెల్లవారేదాకా చూసిన కుటుంబాలవారికి ఇక్కడి వాతావరణం వెంటనే తెలిసినదిగా అనిపిస్తుంది. నాటకాలకు నడుమ విశ్రాంతి ఉంటుంది, పార్కింగ్ సులువు, టికెట్ ఆర్ఫియమ్‌తో పోలిస్తే తక్కువ. సంభాషణే ప్రాణమైన నాటకమైతే పెద్దవారికి కష్టం, సంగీత నాటకమైతే భాష సగమే అర్థమైనా నిలబడుతుంది.

1927లో కట్టిన ఆర్ఫియమ్ ఇందుకు భిన్నం. సుమారు 2,600 మంది పట్టే ఆ హాలుకు బ్రాడ్‌వే బృందాలు దేశమంతా తిరుగుతూ వస్తాయి, ఒమాహా ఒపేరా ప్రదర్శనలు కూడా అక్కడే జరుగుతాయి. న్యూయార్క్ వెళ్ళి చూడలేనివారికి ఇది అందివచ్చిన అవకాశం కానీ, నలుగురి కుటుంబానికి ఖర్చు గట్టిగానే అవుతుంది. ఏడాదికి ఒక్కసారి పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో పెట్టుకోవలసిన చోటు. చవక టికెట్ కొని పై బాల్కనీలో కూర్చోవాలనుకునే పెద్దవారు మెట్లు నిటారుగా ఉంటాయని గుర్తుంచుకోవాలి. సంగీత కచేరీలకైతే 2005లో తెరిచిన హాలండ్ సెంటర్ ఉంది.

పిల్లలున్నవారు మాత్రం ముందు వెళ్ళవలసింది రోజ్ థియేటరుకే. 1927లో రివియెరా అనే పేరుతో, జాన్ ఎబర్సన్ రూపకల్పనలో, సినిమాలకూ ప్రదర్శనలకూ కట్టిన ఆ భవనం శిథిలమవుతుంటే, రష్యా నుంచి వలస వచ్చి నెబ్రాస్కా ఫర్నిచర్ మార్ట్ స్థాపించిన రోజ్ బ్లమ్కిన్ 1981లో కొని కూల్చివేత నుంచి కాపాడారు. 1995 నుంచి అది పిల్లల నాటకశాల. నాటకాలు చాలావరకు గంట, గంటన్నరలో ముగుస్తాయి. మూడు గంటల సినిమాలో మారాం చేసే పిల్లవాడు ఇక్కడ కళ్ళార్పకుండా చూడటం నేను చాలాసార్లు గమనించాను. బొమ్మ కాదు, ఎదుట నిలబడిన మనిషి కనుక.

ఆరుబయట, చాలావరకు ఉచితంగా

వేసవిలో, ముఖ్యంగా జులై ఆగస్టుల్లో, గురువారం సాయంత్రాలు మిడ్‌టౌన్‌లోని టర్నర్ పార్కులో జాజ్ ఆన్ ది గ్రీన్ అనే ఉచిత కచేరీలు జరుగుతాయి. దుప్పటి పరుచుకుని, ఇంట్లో చేసిన పులిహోర డబ్బాతో కూర్చోవచ్చు. కూర్చోలేనివారు లేచి తిరగవచ్చు, పిల్లలు పరిగెత్తవచ్చు, పాటకు భాష అడ్డు రాదు. నా కొలతలన్నిటికీ సరితూగే చోటు ఇదొక్కటే, దాని లోపం వాతావరణం. ఉరుములు మొదలైతే కచేరీ ఆగిపోతుంది. ఈ ప్రాంతపు వేసవి ఉరుములను తేలికగా తీసుకోకూడదు.

డౌన్‌టౌన్‌లో 2022లో కొత్త రూపుతో తెరిచిన జీన్ లేహీ మాల్ పేరుకు మాల్ అయినా అది పార్కే. అక్కడి నుంచి నది వైపు నడిస్తే 2023లో తెరిచిన కీవిట్ లుమినేరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాల వస్తుంది, దానికి టికెట్ ఉంది. డాడ్జ్ మీదే ఉన్న జాస్లిన్ కళా ప్రదర్శనశాలకు ప్రవేశ రుసుము లేదు. 2024లో కొత్త భాగం చేరాక అది చలికాలపు మధ్యాహ్నాలకు ఇంకా మంచి చోటైంది. జూన్‌లో, 1950 నుంచి ఈ ఊళ్ళోనే జరుగుతున్న కాలేజీ బేస్‌బాల్ పోటీలు వస్తాయి. ఆ రోజుల్లో డౌన్‌టౌన్‌లో కారు పెట్టడానికి చోటు దొరకడం కష్టం కాబట్టి, ఆట చూడదలచుకోకపోతే ఆర్ఫియమ్ వైపు ప్రణాళికలు పెట్టుకోకపోవడమే మంచిది. క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ రెండు ఇన్నింగ్స్‌లలోనే పట్టుబడుతుంది.

హెన్రీ డోర్లీ జూను చాలామంది వేసవికే పరిమితం చేస్తారు, నేను చలికాలానికి సిఫారసు చేస్తాను. 1992లో తెరిచిన లీడ్ జంగిల్ అనే వర్షారణ్యమూ, 2002లో తెరిచిన ఎడారి గోపురమూ పైకప్పు కింద ఉన్నవే. బయట మంచు కురుస్తుండగా లోపల కోనసీమ ఉక్కపోతలో నిలబడినట్టుంటుంది.

ఒకచోట పెట్టి చూస్తే

| ఎంపిక | కూర్చునే సమయం | భాష భారం | ఎప్పుడు కొనాలి | అనువైన కాలం |
|---|---|---|---|---|
| మల్టీప్లెక్సులో తెలుగు సినిమా | మూడు గంటలు, విశ్రాంతి లేదు | లేదు | మొదటి వారాంతానికి ముందుగా | ఏడాదంతా |
| మల్టీప్లెక్సులో హాలీవుడ్ | రెండున్నర గంటలు | ఎక్కువ, అక్షర పరికరం అడగాలి | మంగళవారం చవక | ఏడాదంతా |
| డండీ | సుమారు రెండు గంటలు | ఉపశీర్షికలుంటే తక్కువ | అదే రోజు చాలు | ఏడాదంతా |
| ప్లేహౌస్ | రెండున్నర గంటలు, విశ్రాంతి ఉంది | నాటకాన్ని బట్టి | రెండు వారాల ముందు | ఎక్కువగా శరత్తు నుంచి వసంతం దాకా |
| ఆర్ఫియమ్ | రెండున్నర గంటలు, విశ్రాంతి ఉంది | మధ్యస్థం | నెలల ముందు | పర్యటన బృందాన్ని బట్టి |
| రోజ్ | గంట నుంచి గంటన్నర | పిల్లలకు లేదు | వారం ముందు | బడి సంవత్సరం |
| పార్కు కచేరీ | మీ ఇష్టం | లేదు | కొననక్కరలేదు | వేసవి మాత్రమే |
| జూ | నడకే, బల్లలున్నాయి | లేదు | అదే రోజు చాలు | రద్దీ వద్దనుకుంటే చలికాలం |

ఎవరు ఏది ఎంచుకోవాలి

కారు లేని విద్యార్థి ఆర్బ్ట్ దారిని తన దారిగా చేసుకోవాలి. డండీ, జాస్లిన్, వెస్ట్‌రోడ్స్, వేసవిలో టర్నర్ పార్కు: ఈ నాలుగింటితో నెలంతా తక్కువ ఖర్చుతో గడుస్తుంది. ప్రీమియర్‌కు మాత్రం కారున్న స్నేహితులతో కలిసి వెళ్ళాలి, ఎందుకంటే ఆట ముగిసేసరికి బస్సులు దొరుకుతాయన్న భరోసా ఉండదు.

పిల్లలు లేని యువ దంపతులు నెలకు రెండు సాయంత్రాలు పెట్టుకోగలిగితే, ఒకటి మన సినిమాకు, ఒకటి డండీకో ప్లేహౌస్‌కో ఇవ్వమని నా సలహా. రెండూ మల్టీప్లెక్సుకే ఇస్తే, మూడేళ్ళ తర్వాత ఈ ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఒమాహా గురించి గుర్తుండేది ఒక పార్కింగ్ మైదానమే.

అయిదేళ్ళలోపు పిల్లలున్నవారు కనీసం కొంతకాలం తెలుగు సినిమాలను పెద్దవాళ్ళిద్దరూ వంతులవారీగా చూడటం మేలు. ఒకరు ఇంట్లో ఉంటే రెండోవారు స్నేహితులతో వెళ్ళిరావచ్చు. అందరూ కలిసి వెళ్ళే రోజును రోజ్‌కో జూకో కేటాయిస్తే ఎవరి ఆనందమూ ఎవరికీ అడ్డు కాదు. మూడు గంటలు పిల్లవాడిని నడవాలో ఎత్తుకుని తిప్పుతూ సినిమా చూశామనుకోవడం ఆ తల్లికీ న్యాయం కాదు, ఆ సినిమాకూ కాదు.

ఆరు నెలలకు వచ్చే తల్లిదండ్రుల విషయంలో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. వారాంతమంతా మన పనులు చూసుకుని, చివర్లో మనకు నచ్చిన సినిమాకు వారిని వెంట తీసుకెళ్తాం. దాని బదులు వారు వచ్చిన నెలను బట్టి ఎంచుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా వస్తే గురువారపు కచేరీలూ నది ఒడ్డూ ముందు, చలికాలంలో వస్తే జూలోని వర్షారణ్యమూ జాస్లినూ ముందు. ఏ కాలమైనా ఒక్క ఉపశీర్షికల చిత్రం డండీలో చూపించండి. హాళ్ళలో ఏసీ చలి గట్టిగా ఉంటుంది కనుక అమ్మకు శాలువా, నాన్నకు స్వెటరు జులైలో కూడా కారులో పెట్టుకోండి. టికెట్ కొనేటప్పుడు నడవా పక్క కుర్చీలు ఎంచుకుంటే మధ్యలో లేవవలసివచ్చినప్పుడు వారు ఎవరికీ ఇబ్బంది కలిగిస్తున్నామని మొహమాటపడరు.